నక్షత్రాన్ని విప్పేదెవరు

నక్షత్రం ఎక్కడికి పోయినట్టు, ఎకో అని కొట్టి పక్కన ఏది కొడితే అదే కదా తిరిగి పలకాలి, నిన్న హలో అంటే హలో అనే అచ్చేసింది ఈ యంత్రం, ఇవాళ నక్షత్రం గుర్తు కొడితే దాన్ని మింగేసి వాండా దాచుకున్న ఫైళ్ల పేర్లన్నీ టకటకా కాగితం మీద కక్కింది, పేటెంటు ఒకటి, పేటెంటు రెండు, ఉత్తరాలు, అమ్మ చెప్పిన క్యాబేజీ చుట్టల వంటకంతో సహా, అయినా ఈ వింతలన్నీ ఇప్పుడెందుకు తనకి, సోమవారం నుంచి కింద టైపు గదికే కదా, పొద్దున సూపర్‌వైజర్ లొరైన్ కాఫీ ఊదుకుంటూ చెప్పనే చెప్పింది, నేనేం చెయ్యను బంగారం, పేటెంటు లాయరుగారి మాట, ఉత్త టైపు కొట్టేవాళ్లు యంత్రాల దగ్గర వద్దన్నారు, నువ్వూ పెగ్గీ కిందికి, అంది, ఉత్త టైపా, మరి పేటెంటు దరఖాస్తుల్లో వరస నంబరు తప్పితే యంత్రం చేత పట్టిచ్చే ఆదేశాల స్క్రిప్టు రాసిందెవరు, లొరైన్ రోజల్లా వేలు పెట్టి వెతికే తప్పుల్ని అది చిటికెలో చూపించలేదూ, సరే గానీ, ఈ నక్షత్రం సంగతేంటి.

ఏంటమ్మాయ్, యంత్రంతో తగువా, అన్నాడు ల్యాబు గడ్డం ఇర్వ్, న్యూజెర్సీ మంచులో కూడా ఉత్త చెప్పులతో తిరిగే మనిషి, డోనట్ నములుతూ కాగితం మీదికి వంగాడు, మీ ఎకోకి చెవుడండీ, ఒకటి చెబితే ఇంకోటి పలుకుతోంది, అంది వాండా, చెవుడు కాదు తల్లీ, పాపం దానికి నక్షత్రం మొహమే తెలీదు, నువ్వు కొట్టిన వరస ముందు షెల్ అని మధ్యలో ఉండే ప్రోగ్రాం చేతిలో పడుద్ది, అదే నక్షత్రాన్ని విప్పి, సరిపోయే ఫైళ్ల పేర్లు చేసి లోపలికి పంపుద్ది, ఫైళ్లు చెరిపెయ్యమన్నా అంతేనా, అంది వాండా, అంతే, చేతికిచ్చిన పేర్లు చెరిపేస్తది, ఎందుకిచ్చారని అడగదు, అందుకే ముందు ఎకోతో పలికించుకుని చూస్కో, వాండా ఎకో పక్కన పేటెంటు అని కొట్టి నక్షత్రం పెట్టింది, పేటెంట్లే వచ్చాయి, వంటకం రాలేదు, భలే, అనుకుంది.

భలే గానీ, అంటే మధ్యలో ఒకరు నిలబడి విప్పుతారన్నమాట, అవతలివాళ్లకి పేర్లే అందుతాయి, ఆ పేర్లు ఎవరు చేర్చారో కనబడదు, కుర్చీ వెనక్కి జరిపింది వాండా, తన నంబర్ల స్క్రిప్టు అచ్చు వేయించి ఆ కాగితం చించి చేత పట్టుకుంది, లాయరు ఏడాదిగా తన బల్ల పక్కనుంచే పోతాడు, ఇదిగో అమ్మాయ్ అనడమే తప్ప పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు, ఉత్త టైపు కొట్టేవాళ్లు అని ఆయన అనుంటాడు, వాండా అని ఎలా అంటాడు, అనలేడు, తెలిస్తే కదా, ఆ మాటని విప్పి అందులోంచి వాండా పేరు బయటికి తీసింది లొరైనే.