గాల్లో ఆగిన బొమ్మ

ఎగరాలి. ఇప్పుడే!

గాబ్రియేలు బొటనవేలు బటన్ మీద పడింది. టీవీలో నీలం చొక్కా బొమ్మ ముళ్లగుంత దాటి పలక మీద వాలింది. ఆ పలక కూలేలోపే మళ్లీ ఎగిరింది. వెనక నుంచి మంట తరుముకొస్తోంది. ఈ ఆటలో నిలబడితే చావే.

రాజంపేట బజారులో సుదర్శన్ శెట్టిది టీవీలు బాగుచేసే అంగడి. బడిపిల్లల కోసమని ఓ మూల వీడియో గేమ్ పెడితే, ఆ పీట మీద యాభై దాటిన గాబ్రియేలు పాతుకుపోయాడు.

మంగంపేట గనుల్లో ముగ్గురాయి మోసిన మనిషి. చూడ్డానికి చిన్నదే, ఎత్తితే నడుం విరిచే రాయి. మోకాళ్లు అరిగాయి. నాలుగు మెట్లెక్కితే దగ్గు. కనుబొమల్లో, గోళ్ల కింద బూడిదరంగు పొడి, ఎంత రుద్దినా పోదు. లారీ వచ్చేదాకా ఆగు, మేస్త్రీ పిలిచేదాకా ఆగు, కూలి ఇచ్చేదాకా ఆగు. బతుకంతా అదే. ఇక్కడ మాత్రం వేలు నొక్కితే చాలు, కాళ్లు లేస్తాయి.

ఆయన విసుగంతా కరెంటు మీదే. చివరి మెట్టు దాకా రాగానే కోత. క్యాసెట్ ఆట కదా, ఎక్కడిదాకా వచ్చామో దానికి గుర్తుండదు. మళ్లీ మొదటికే. ఎండాకాలమంతా ఇదే వరస.

ఇవాళ కోత పడలేదు. చివరి నిప్పుగుంత. దానవతల తలుపు. బొమ్మ ఎగిరింది.

"ఓ మనిషీ!" భార్య రాహేలమ్మ భుజం పట్టి గుంజింది. "కడప బస్సు పోతాండాది. ఆస్పత్రిలో మనకోసం కాచుకోని ఉంటారా?"

ఉలిక్కిపడి ఆపే బటన్ నొక్కాడు. బొమ్మ గాల్లోనే నిలిచిపోయింది.

"ఒక్క నిమిషం రాహేలూ..."

"నీ నిమిషాలు నాకు తెల్దా? ఇంట్లో దగ్గి దగ్గి చస్తావు, ఈడికొస్తే ఆ దగ్గు యాడికి పోతాది?"

గుమ్మంలో వెనక్కి తిరిగాడు. "శెట్టీ, దాని స్విచ్ ఆపొద్దప్పా. సాయంత్రం వచ్చి దాటిస్తా."

"ఏమప్పా, నీ బొమ్మకు నేను కాపలానా? కోత పడితే?"

"నువ్వు మెకానిక్కు గదా, ఏదో ఒకటి చెయ్."

"శానా బాగుండాది! పో, పో, బస్సు పోతాది."

మధ్యాహ్నమంతా సుదర్శన్ సణుగుతూనే ఉన్నాడు. సణుగుతూనే మూలనున్న లారీ బ్యాటరీని దులిపి, ఇన్వర్టర్‌కు కలిపి, గేమ్‌కూ టీవీకీ వైర్లు లాగాడు. "ముసలోడికి మతి లేదు. నాకూ లేదు," అని తనను తానే తిట్టుకున్నాడు.

పొద్దు వాలుతుండగా బజారులో షట్టర్లు ఒక్కొక్కటే దిగసాగాయి. శవం పోతున్నప్పుడు అంగళ్లు మూసి దీపాలార్పడం ఆ వీధి అలవాటు. సుదర్శన్ కూడా షట్టర్ సగం దించి బయటికి చూశాడు. జీపు నెమ్మదిగా వస్తోంది. వెనక సీటులో రాహేలమ్మ. ఆమె ఒళ్లో దుప్పటి చుట్టిన తల.

అంగడి ముందుకు రాగానే ఆమె అంది: "వరసలో కూర్చోనే పోయినాడు శెట్టీ. మన పేరు పిలిచేసరికే..."

జీపు సాగిపోయింది. సుదర్శన్ చెయ్యి మెయిన్ స్విచ్ దాకా వెళ్లి ఆగింది. అంతలో కోత పడనే పడింది. బజారంతా నల్లబడింది.

అంగడి మూల మాత్రం వెలుగు. నిప్పుగుంత మీద బొమ్మ, రెండు కాళ్లూ గాల్లోనే. కింద పీట మీద గేమ్ రిమోట్, దాని బటన్ చుట్టూ సన్నగా బూడిదరంగు పొడి.