మూడో గోల్‌కీపర్

ఒకటీ ముప్పై రెండుకి రెండో గోల్‌కీపర్ బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు. మళ్లీ లేవలేదు.

నడుం పట్టేసింది. ఇద్దరు మోసుకొచ్చి డ్రెస్సింగ్ రూమ్ బల్ల మీద పెట్టినా, తుప్పు పట్టిన మడతకుర్చీలా అలాగే వంగి ఉన్నాడు. మసాజ్ చేసే ఆయన అటు నుంచీ ఇటు నుంచీ చూసి పెదవి విరిచాడు.

క్లబ్ సెక్రటరీ గోడ గడియారం చూసింది. పదమూడు నిమిషాలు. ఒకటీ నలభై ఐదుకల్లా ఆటగాళ్ల జాబితా మ్యాచ్ కమిషనర్ చేతిలో పడాలి. మొదటి గోల్‌కీపర్ ఇంట్లో ఉన్నాడు. సీజన్‌లో ఐదు పసుపు కార్డులైతే లీగ్ ఒక ఆట కూర్చోబెడుతుంది. ఆ మహానుభావుడు కిందటి వారం లైన్స్‌మన్‌ని కళ్లద్దాల నంబరెంతని అడిగి ఐదోది సంపాదించుకున్నాడు.

అదీ సీజన్ చివరి ఆటకి ముందు! డ్రా చేసుకున్నా చాలు, క్లబ్బు మూడో డివిజన్‌లో నిలబడుతుంది. ఓడితే నాలుగో దాంట్లోకి జారుతుంది. నాలుగోది సరదాకి ఆడుకునేవాళ్లది. అక్కడ ఆటగాళ్లకి కాంట్రాక్టులుండవు, క్లబ్బులకి ఆఫీసులుండవు. ఆఫీసే లేకపోతే సెక్రటరీ ఎక్కడ కూర్చుంటుంది? పద్నాలుగేళ్లుగా ఆమె ఆ క్లబ్బుకి ఉత్తరాలు రాసింది, టికెట్లు చింపింది, జెర్సీలు ఉతికింది. ఆమెకి ఇంకో పని తెలీదు, తెలుసుకోవాలనీ లేదు.

"పొడుగోడికి గ్లోవ్స్ తొడిగేద్దాం మేడమ్," అన్నాడు కోచ్. పొడుగోడంటే వాళ్ల డిఫెండరు. గుమ్మాలన్నిటికీ నుదురు కొట్టుకునే మనిషి.

"కుదరదు. మొదటి విజిల్‌కి గోల్‌లో నిలబడేవాడు గోల్‌కీపర్‌గా నమోదై ఉండాలి. లేకపోతే ఆడకుండానే మూడు-సున్నాతో ఓడినట్టే."

"మనకి నమోదైన మూడోవాడు లేడుగా?"

సెక్రటరీ చెప్పుల వైపు చూసుకుంది. "ఉన్నాడు."

"ఎవడు?"

"మా బావ."

కోచ్ నోరు తెరిచాడు. బావంటే ఆమె అక్క మొగుడు. టీమ్ బస్సు డ్రైవరు. నలభై ఎనిమిదేళ్లు. బ్రేకు వేసిన ప్రతిసారీ ఆయన పొట్ట హారన్ మోగిస్తుంది.

తప్పు సెక్రటరీదే. ప్రతి క్లబ్బూ ముగ్గురు గోల్‌కీపర్ల పేర్లివ్వాలి, జనవరి ఆఖరు రోజు ఐదింటికి రిజిస్ట్రేషన్ మూసేస్తారు. మూడోవాడు ఆ పొద్దున్నే బేకరీలో ఉద్యోగం వచ్చిందని చెప్పి వెళ్లిపోయాడు. నాలుగూ యాభై ఎనిమిదికి ఆమె కిటికీలోంచి చూస్తే, రెండు చేతులూ ఉన్న మనిషి ఒక్కడే కనిపించాడు, బస్సు అద్దం తుడుస్తూ. పార్కింగ్ కాగితమని చెప్పి సంతకం పెట్టించుకుంది.

ఆమె బస్సు దగ్గరికి పరుగెత్తింది. బావ వెనక సీట్లో గుర్రు పెడుతున్నాడు.

"బావా, లే!"

"ఓడిపోయామా అప్పుడే?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

"ఇంకా మొదలవలేదు. నువ్వు ఆడాలి."

"ఏం ఆడాలి?"

"గోల్‌కీపర్‌గా. జనవరిలో సంతకం పెట్టావుగా."

బావ లేచి కూర్చున్నాడు. "అది పార్కింగ్ కాగితమన్నావే!"

"ఒక రకంగా అదీ పార్కింగే. గోల్‌లో ఒకచోట నిలబడడమేగా."

"మరదలా! ముప్పై ఏళ్లయింది నేను బంతి ముట్టుకుని!"

"ఒక్క నిమిషం నిలబడు. బంతి బయటికెళ్లగానే నిన్ను దించేస్తారు. మన పొడుగోడు గోల్‌లోకొస్తాడు. నా మీద ఒట్టు."

"నీ మీద ఒట్లు నేను చాలానే చూశాను," అన్నాడు గానీ లేచాడు. క్లబ్బు పోతే బస్సూ పోతుందని ఆయనకి వేరే చెప్పక్కర్లేదు.

ఒకటీ నలభై నాలుగుకి జాబితా కమిషనర్ బల్ల మీద పడింది. ఆయన కార్డు మీది ఫొటో చూశాడు, మనిషిని చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు.

"ఇందాక బస్సు నడుపుకుంటూ వచ్చింది ఈయనే కదూ?"

"ఈ డివిజన్‌లో అందరికీ ఇంకో పని ఉంటుంది సార్," అంది సెక్రటరీ గుక్క తిప్పుకోకుండా. "మా లెఫ్ట్ బ్యాక్ పళ్ల డాక్టరు. కెప్టెన్ లిఫ్టులు బాగుచేస్తాడు."

కమిషనర్ దవడ తడుముకుని, లెఫ్ట్ బ్యాక్ ఎవరని అడిగి, సంతకం చేశాడు.

మూడింటికి విజిల్ పడింది. బావ జెర్సీ బొడ్డు దగ్గరే ఆగిపోయింది. యాభై సెకన్లకి ఎదుటివాళ్లు ఒక బంతి గట్టిగా కొట్టారు. బావ తప్పుకోబోయాడు, పొట్ట మాత్రం అక్కడే ఉండిపోయింది. బంతి దానికి తగిలి ప్రేక్షకుల్లోకి ఎగిరింది.

"ఇప్పుడు మార్చండి!" అని అరిచింది సెక్రటరీ బెంచీ వెనక నుంచి.

కోచ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండి మేడమ్. గోల్ పడలేదుగా."

"ఒక్క నిమిషమేగా అయింది!"

"ఇరవై ఏళ్ల సర్వీసులో గోల్ తినని కీపర్ని నేను మార్చింది లేదు. అచ్చిరాదు."

బతిమాలింది, తిట్టింది. గోడకి చెప్పుకున్నట్టే అయింది. అరగంట గడిచింది, గంట గడిచింది. ఎదుటి జట్టుకి పైకెక్కేదీ లేదు, కిందికి జారేదీ లేదు. సగం మంది మనసు అప్పటికే సెలవుల్లో ఉంది. వాళ్లు బంతిని తీరిగ్గా అటూ ఇటూ దొర్లిస్తుంటే, బావ గోల్ పోస్టుకి ఆనుకుని అక్కడి ఫొటోగ్రాఫర్‌తో కబుర్లలో పడ్డాడు.

ఎనభై ఏడో నిమిషంలో కొంప మునిగింది.

పిలుపు ఎప్పుడొస్తుందోనని పొడుగోడు మొదటి నుంచీ గ్లోవ్స్ తొడుక్కునే ఆడుతున్నాడు. తొడుక్కున్న సంగతి మర్చిపోయాడో, బాగా గుర్తుందో గానీ, గోల్ ముందు తన మీదికొచ్చిన బంతిని రెండు చేతులతో ఒడిసి పట్టి, గుండెకి హత్తుకుని, మెచ్చుకుంటారేమోనని చుట్టూ చూశాడు.

పెనాల్టీ.

కొట్టడానికి వచ్చినవాణ్ణి సెక్రటరీ వెంటనే గుర్తుపట్టింది. కిందటేడు దాకా రెండేళ్లు వీళ్లకే ఆడిన ఫార్వర్డు. ఈ డివిజన్‌లో కాంట్రాక్టులు ఏడాదివే, నిన్నటి మనవాడు ఇవాళ పరాయివాడు. అతని కాంట్రాక్టు ఆ సాయంత్రంతో సరి. స్టాండ్‌లో ఒక పెద్ద క్లబ్బు మనిషి నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాడు. మైదానం మొత్తమ్మీద గోల్ కోసం ఆకలిగా ఉన్నవాడు ఆ ఒక్కడే. పైగా పెనాల్టీ ఎన్నడూ పోగొట్టినవాడు కాదు.

అతను బంతిని చుక్క మీద పెట్టాడు. బావ గీత మీద నిలబడ్డాడు. మోకాళ్లు కొంచెం వంచాడు. రెండు చేతులూ ముందుకు చాచి, గాల్లో ఒక పెద్ద చక్రం పట్టుకున్నాడు.

ఎడమకి తిప్పాడు. ఒళ్లంతా ఎడమకి వాలింది. గేరు మార్చాడు. కుడికి తిప్పాడు. ఒళ్లంతా కుడికి వాలింది.

"ఏం చేస్తున్నాడాయన?" అన్నాడు కోచ్.

సెక్రటరీకి చప్పున అర్థమైంది. కొండదారి! టీమ్ బస్సు వెళ్లే దారి, పదకొండు మలుపులు. ఆ రెండేళ్లూ ఈ ఫార్వర్డు ఏ ఒక్క ప్రయాణంలోనూ నాలుగో మలుపు దాటి కడుపులో ఏమీ ఉంచుకోలేదు. తర్వాత బస్సు కడిగింది బావే.

బావ ఎడమకి వాలాడు. కుడికి వాలాడు. కళ్లు మాత్రం ఫార్వర్డు మీదే, వెనకద్దంలో చూస్తున్నట్టు. రిఫరీ పరీక్షగా చూశాడు. గీత దాటలేదు, నోరు విప్పలేదు. విజిల్ వేశాడు.

ఫార్వర్డు పరుగందుకున్నాడు. రెండో అడుగుకి మొహం పాలిపోయింది. నాలుగో అడుగుకి చెయ్యి నోటి దగ్గరికి వెళ్లింది. కాలు బంతికి తగిలిందనిపించి, ఆగకుండా అలాగే పక్క గీత వైపు పరుగెత్తి ప్రకటనల బోర్డు వెనక మాయమయ్యాడు. బంతి మెల్లగా దొర్లుకుంటూ వచ్చి బావ కాళ్ల దగ్గర ఆగింది. బావ దాని మీద కూర్చున్నాడు.

చివరి విజిల్ దాకా ఆయన్ని లేపడం ఎవరి తరమూ కాలేదు. ఆట సాగదీస్తున్నాడని రిఫరీ పసుపు కార్డు చూపిస్తే, బావ అలవాటు కొద్దీ డ్రైవింగ్ లైసెన్సు కోసం జేబులు తడుముకున్నాడు.

సున్నా-సున్నా. మూడో డివిజన్!

సెక్రటరీ కోచ్‌ని కావలించుకుంది, కమిషనర్‌నీ కావలించుకుంది. అప్పుడే ఫోన్ మోగింది. అక్క.

"మీ బావ ఫోనెత్తడేంటే?"

"గోల్‌లో ఉన్నాడక్కా! క్లబ్బుని నిలబెట్టేశాడు!"

జరిగిందంతా విని అక్క అడిగింది, "ఇప్పుడేం చేస్తున్నాడు?"

సెక్రటరీ మైదానంలోకి చూసింది. పొడుగోడి భుజాల మీదెక్కిన బావ, రెండు చేతులూ ఆకాశంలోకి ఎత్తి ఊపుతున్నాడు.

"రెండు చేతులూ ఎత్తి అందరికీ దణ్ణాలు పెడుతున్నాడు."

"రెండూనా? పూర్తిగా లేచాయా?"

"పూర్తిగానే లేచాయక్కా."

"అటక మీద డబ్బా దించమంటే మూడు నెలల్నించీ భుజం లేవట్లేదంటున్నాడే! చేతులు దించకముందే ఫొటో తీసి పంపు. మిగతాది ఇంటికొచ్చాక నేను చూసుకుంటాను."

ఆయన క్లబ్బుని కాపాడిన మనిషి. సెక్రటరీ ఒక్క క్షణం ఆలోచించింది.

తర్వాత రెండు ఫొటోలు తీసింది. మొదటిది కదిలింది.