కమ్లవ్వ హిస్సాల పడ్డ ప్రోటీన్

ఆసిమాకు తెలివి ఎక్కువ. ఈ ముచ్చట బాన్సువాడల ఎవరినడిగినా చెప్తరు, ఎందుకంటే వాళ్లందరికీ చెప్పింది ఆసిమానే.

హైదరాబాదుల పీహెచ్‌డీ చేస్తుంది. "ఏం చదువమ్మా?" అని ఎవరన్నా మాటవరసకు అడిగితే చాలు, చాయ్ చల్లారేదాకా వదలదు. మన ఒంట్ల ఒక కణం ఇంకో కణానికి 'ఇగ పెరుగు', 'ఇగ చాలు' అని కబురు పంపుతది, ఆ కబురు మోసే ప్రోటీన్ మీదనే తన పని అని మొదలుపెడితే, అడిగినోళ్లు బస్సుకు టైమైందని లేచేటోళ్లు. వాళ్లకు ఏ బస్సూ లేదని ఆసిమాకు ఎన్నడూ తట్టలే.

గా ప్రోటీన్ చిటికెన వేలంత సీసాల విదేశం నుంచి వస్తది. ఉన్నది ఒక్కటే సీసా, అది చేతికొచ్చేసరికి ఆర్నెల్లు పట్టింది. దాంతోని చివరి ప్రయోగం చేసి ఈ ఏడు పోకముందే థీసిస్ ఇయ్యాలె. లేకపోతే గడువు అయిపోయి, ఏండ్ల కష్టం మట్టిల కలిసినట్టే.

సరిగ్గ బక్రీదు సెలవులకు ముందు ల్యాబుల ఫ్రీజర్ చెడిపోయింది. గైడు సుబ్బరాయుడు సారు, "పక్క ల్యాబులో పెట్టు అమ్మా, వాళ్లు చూసుకుంటారు" అన్నడు. ఆసిమా ఒప్పుకుంటదా? వాళ్లు చాటుకు వాడుకుంటరని ఆమె అనుమానం. "మా ఇంట్ల పెద్ద ఫ్రీజర్ ఉంది సార్, నా కండ్ల ముందట ఉంటది" అని వినకుండ ఐసుడబ్బల పెట్టుకొని బస్సెక్కింది. పండుగ నాడు మధ్యాహ్నం ఇల్లు చేరి చూస్తే ఫ్రీజర్ నిండా, పంచనీకె హిస్సాలు చేసి కట్టిన కుర్బానీ మేక గోష్తే.

వాళ్లమ్మి జైనాబ్ ఇంట్ల దక్కనీ ఉర్దూ మాట్లాడుతది, కోపమొస్తే మాత్రం తెలుగుల దిగుతది. సీసాను చూడంగనే తెలుగుల దిగింది.

"గదేందే?"

"హ్యూమన్ ప్రోటీన్ అమ్మీ. అంటే మనుషులల్ల ఉండేది."

"తౌబా తౌబా! కుర్బానీ గోష్త్ పక్కన మనిషిదా? తియ్యి ముందు!"

"మనిషి నుంచి తీసింది కాదమ్మీ. మనిషి జీన్ బాక్టీరియాల పెట్టి, దానితోని తయారు చేపిస్తరు."

"బాక్టీరియా అంటే?"

"మన పేగులల్ల ఉంటది చూడు, అసొంటిది."

ఈ ఒక్క ముక్క మింగి ఉంటే సరిపోతుండె. తెలిసిన ముచ్చట ఆసిమా నోట్ల ఆగితే గద! అమ్మి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, సీసాను ఇంట్లకెల్లి బయట పెట్టమన్నది.

ఆసిమా సరేనని తలూపింది. అమ్మి సాయంత్రం అసర్ నమాజుకు పోంగనే, ఫ్రీజర్ అడుగునుంచి ఒక గోష్త్ ప్యాకెట్ తీసింది. దానికి రెండు కవర్లున్నయి. నడుమ సీసా పెట్టి, గుర్తుకు ఎర్ర రబ్బరుబ్యాండు చుట్టి, మళ్ల అడుగున దాచింది. గోష్త్‌ల గోష్త్, ఇగ అమ్మి కాదు గద పోలీసులొచ్చినా దొరకదని తన తెలివికి తానే మురిసి, హాయిగ పండుకున్నది.

తెల్లారి లేచి ఫ్రీజర్ తీస్తే ఎర్ర బ్యాండు ప్యాకెట్ లేదు. ఆసిమా పై పానం పైననే పోయింది.

"అమ్మీ! ఎర్ర రబ్బరుబ్యాండుది ఏదీ?"

"కమ్లి హిస్సా గద, నిన్న రాలే, పొద్దుగాల వస్తే ఇచ్చిన. చుట్టాల హిస్సాకు పచ్చది, గరీబు హిస్సాకు ఎర్రది. నువ్వు బడికి పోయేటప్పటి సంది గదే గుర్తు. గింత తెల్వదా?"

కణాల మధ్య నడిచే కబుర్లన్నీ తెలిసిన ఆసిమాకు సొంత ఇంటి రబ్బరుబ్యాండ్ల ముచ్చట తెల్వదు. సీసా సంగతి ఏడ్చుకుంట చెప్పింది. అమ్మి నెత్తి కొట్టుకుంది.

"ఇచ్చిన హిస్సా వాపస్ అడుగుతవా? ఖుదాకు నేనేం జవాబు చెప్పాలె?"

"గోష్త్ అడగనమ్మీ, సీసా ఒక్కటే!"

స్కూటీ తీసింది. కమ్లవ్వది పిట్లం తోవల తండ. ఆకుకూరలు తెచ్చి వీళ్ల ఇంటి అరుగు మీదనే కూసొని అమ్ముకుంటది. ఆసిమాను చిన్నప్పుడు ఒళ్లో కూసోపెట్టుకొనే బేరాలు చేసిన మనిషి. అసొంటామె ఇంటికి, ఇచ్చిన దాంట్లకెల్లి వాపస్ అడగపోతున్న అని ఆసిమాకు తోవ పొడుగునా సిగ్గే. అంతకన్నా ఎక్కువ భయం.

పోయేసరికి కమ్లవ్వ పొయ్యి ముందట ఉంది, కూర ఉడుకుతుంది.

"గింత ఎండల వచ్చినవేంది బిడ్డా?"

"అవ్వా, గోష్త్ కవర్ల చిన్న సీసా ఏమన్న..."

"ఉంది ఉంది, యాడికి పోతది!"

ఆసిమాకు ఆమె కాళ్లు మొక్కాలనిపించింది. కమ్లవ్వ గూట్లకెల్లి సీసా తెచ్చి చేతిల పెట్టింది. తళతళ మెరుస్తుంది.

"నీసు వాసన కొట్టబట్టె. మూత తీసి, సబ్బు పెట్టి, వేడినీళ్లు పోసి మంచిగ కడిగిన. ఖాళీదే బిడ్డా, దాంట్ల ఏం లేకుండె."

ఏం లేకపోవుడు కాదు. ఎండిన ప్రోటీన్ సీసా అడుగున అంటుకొని ఉంటది, అది ఎంత తక్కువంటే కంటికి ఆననే ఆనదు. వెలుగుకు పెట్టి చూసినా ఖాళీ సీసా లెక్కనే ఉంటది. చుక్క నీళ్లు తగిలితే కరుగుతది, కమ్లవ్వ పోసింది చెంబెడు.

ఆసిమా ఉన్నకాడనే కూలబడింది. కండ్లల్ల నీళ్లు ఆగలే. కమ్లవ్వ మొఖం తెల్లబోయింది.

"ఏమైంది బిడ్డా? నేనేమన్న ఖరాబు చేసిన్నా? చెప్పు, దాంట్ల ఏముండె?"

ఇన్నేండ్లల్ల మొదటిసారి ఒక మనిషి లేచి పోకుండ, మనసు పెట్టి ఆ ముచ్చట అడుగుతుంది. కణాలు, కబుర్లు, ఆర్నెల్లు, గడువు, మొత్తం ఆసిమా నోటిదాకా వచ్చింది. కోపం గూడ వచ్చింది. గట్టిగ ఒర్లాలనిపించింది. కానీ చెప్తే ఏమైతది? కమ్లవ్వ ఇగ జన్మల వాళ్ల అరుగెక్కదు. ఆ హిస్సా ముట్టదు. ఇయ్యాల వండిన కూర గూడ ఆమెకు గొంతు దిగదు.

"ఏం లేకుండె అవ్వా," అన్నది ఆసిమా. "ఖాళీదే."

"మరి ఏడుస్తవేంది?"

"పొగ."

"ఖాళీ సీసా కోసం గింత ఎండల! సదువుతోని నీకు దిమాక్ ఖరాబైంది బిడ్డా," అని కమ్లవ్వ కడుపుబ్బ నవ్వి, జొన్నరొట్టె మీద కూర వేసి పెట్టింది. ఆసిమా తిన్నది. కూర మంచిగుంది. అసొంటప్పుడు మంచిగుండుడు ఇంకింత ఏడుపు తెప్పించింది.

తండ దాటినంక స్కూటీ ఆపి సారుకు ఫోన్ కొట్టింది.

"సార్, ప్రోటీన్ పోయింది."

"పోవడమేంటమ్మా?"

"ఖాళీ సీసా అనుకొని సబ్బు పెట్టి కడిగిండ్రు సార్."

"ఎవరు?"

కమ్లవ్వ పేరు నోటిదాకా వచ్చింది. చెప్పినా సారు తండకైతే రాడు. అయినా, ఆమె చేతి కూర తిని ఆమె పేరే చెప్పుడా? పైంగ గోష్త్ ప్యాకెట్ల దాచిన ముచ్చట గూడ బయటపడతది.

"నేనే సార్."

అనేసింది. ఇన్నేండ్ల సంది ఆ సీసా గురించే పలవరిస్తున్న పిల్ల, దాన్ని ఖాళీది అనుకుంటదా? సారు నమ్మడు. 'నువ్వా? నువ్వు అట్లా చేసే పిల్లవు కాదే!' అంటడు. అందుకని అబద్ధం నిలబెట్టుకోనీకె నాలుగు జవాబులు గూడ తయారు పెట్టుకున్నది.

"సరేలే," అన్నడు సుబ్బరాయుడు సారు. "గడువు పెంచమని రాసి చూస్తాను. ఇస్తారని మాత్రం అనుకోకు."

ఫోన్ పెట్టేసిండు. జవాబులు ఒక్కటి గూడ అక్కరపడలే. సారు వెంటనే నమ్మిండు.