సింకు కిందికి మళ్ళిన పైపు

జనవరిలో ఒక పొద్దున, ఇల్లంతా వేడిచేసే మా వంటింటి గోడమీది గ్యాసు బాయిలరు, గొంతులో నీళ్ళు అడ్డం పడ్డట్టు గుడగుడలాడి ఆగిపోయింది. మా ఆయన ఇద్వాల్ పక్కమీదే లేచి కూర్చుని, "పైపు గడ్డకట్టింది" అన్నాడు. నలభై ఆరేళ్ళు ఈ లోయలో ఇంటింటికీ ప్లంబింగు చేసిన మనిషి. చప్పుడు వింటే చాలు, రోగం చెప్పేస్తాడు.

బాయిలరు మండేటప్పుడు పొగలోని ఆవిరి నీరై, సన్నటి తెల్ల పైపులోంచి గోడ దాటి పెరట్లోని కాలవలో చుక్కలు చుక్కలుగా పడుతుంది. గట్టి చలి పడితే ఆ చుక్కలే లోపల గడ్డకడతాయి, నీళ్ళు వెనక్కి తంతాయి, బాయిలరు మొరాయిస్తుంది. ఊళ్ళో చాలామందికి ఆ పైపుని ఇంట్లోనే సింకు గొట్టంలో కలిపిన ఇద్వాల్, మా ఇంట్లో మాత్రం బయటికే వదిలాడు. తప్పు నాదే. పదకొండేళ్ళ కిందట సింకు చుట్టూ కొత్త అలమారలు పెట్టించుకున్న మురిపెంలో, "వాటికి చిల్లు పెట్టావో, నీ టీ నువ్వే కాచుకో" అన్నాను.

గోరువెచ్చని నీళ్ళు జగ్గుతో తీసుకెళ్ళి పైపుమీద పోసి, వేళ్ళు కొంకర్లు పోయి లోపలికొచ్చాను.

"ఇక నావల్ల కాదు. పెట్టుకో నీ చిల్లు" అన్నాను.

"ఏంటీ? ఇంకోసారి చెప్పు."

"చెవుడొచ్చిందా ముసలాడా?"

"పదకొండేళ్ళు ఎదురుచూసిన మాట నెస్టా, రెండుసార్లు వింటే తప్పేంటి?"

టిఫిను కాగానే పనిముట్ల సంచి దించి సింకు ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. నేను అలమారలోని సబ్బు సీసాలు, పాత గుడ్డలు బయటపెట్టి టార్చి పట్టుకున్నాను. కొలిచి పైపు కోశాడు. పొట్టిదైంది. ఇంకోటి కోశాడు. అదీ బొటనవేలంత తక్కువే.

"టేపు సాగిపోయింది" అన్నాడు.

"ఇనప టేపు సాగుతుందా?"

ఎప్పుడూ నా మాటకి మాట తిప్పికొట్టేవాడు. ఈసారి మూడో ముక్క తీసుకుని, టేపుని ముక్కుకి ఆనించి చూసి, పెన్సిలు గీత పెట్టాడు. రంపం మాత్రం గీతకి రెండు వేళ్ళ అవతల ఆనించాడు.

నేను మోకాళ్ళమీద కూర్చుని రంపంమీద చెయ్యి వేశాను. "జరుగు. నా మోకాళ్ళు నీవాటికంటే నయం."

అతను వెంటనే వదల్లేదు. ఆ రంపం పిడి అతని అరచేతికి అలవాటైపోయింది. చివరికి దాన్ని నా చేతికి వదిలి, "గీత కనపడట్లేదు నెస్టా" అన్నాడు.

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"బుగ్గ అనుకుని నా ముక్కుమీద ముద్దు పెట్టినప్పట్నించి."

అతను తల దించుకున్నాడు. "ఎటు చూస్తే అక్కడే మసక. పక్కలు బానే ఉన్నాయి. నీ మొహం కనపడాలంటే నీ చెవి వైపు చూడాలి. నీకు చెప్తే భయపడతావని..."

"చెప్పకపోతే భయపడనా? కప్పు అంచున వేలు పెట్టి టీ పోసుకుంటుంటే చూడట్లేదనుకున్నావా? నువ్వే చెప్తావని ఆగాను."

అతని చెయ్యి తీసుకుని నా చెంపకి ఆనించుకున్నాను. పైపు కోసిన గుండ మా ఇద్దరికీ అంటింది. ఇద్దరం అలాగే నేలమీద కూర్చుండిపోయాం. ఇల్లింకా వేడెక్కలేదు, అయినా లేవబుద్ధి కాలేదు.

తర్వాత రంపం నేనే పట్టాను. అలమార పక్కచెక్కకి చిల్లు కూడా నేనే వేశాను. పళ్ళు బిగబట్టే వేశాననుకోండి. ఇద్వాల్ గోడకి ఆనుకుని కూర్చుని చెబుతుంటే, సింకు కింద వంపు తిరిగే గొట్టానికి పైభాగంలో పైపు కలిపాను.

"కింద కలిపితే కాలవ కంపంతా మనింట్లోనే కాపురం పెడుతుంది" అన్నాడు. పైపు వాలు చూడ్డానికి నేను రసమట్టం వెతుకుతుంటే, "అదెందుకు?" అని పైపు పొడుగునా వేలు జార్చాడు. "ఇదిగో, ఇక్కడ కడుపు జారింది. ఈ క్లిప్పు అరంగుళం పైకెత్తు. నీళ్ళు ఎక్కడా నిలవకూడదు."

ఎత్తాను. అతుకులకి సొల్యూషను పూసి, ఆరనిచ్చి, బాయిలరు వెలిగించాం. అతను సింకు కిందికి తల దూర్చి చెవి ఆనించాడు. చాలాసేపు చప్పుడు లేదు. "ఊపిరి ఆపు, వినపడట్లేదు" అని నన్ను కసిరాడు. అంతలోనే, "ఆ... పడుతోంది, పడుతోంది!" అని నా కాలు తట్టాడు.

మధ్యాహ్నం కళ్ళాసుపత్రికి ఫోను చేశాను. వెళ్ళి చూపిస్తే, పోయిన చూపు తిరిగి రాదనీ, కంట్లో సూదులు వేయించుకుంటే ఎడమకన్ను నిలబడొచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. నెలకోసారి బస్సులో వెళ్తున్నాం. సూది రోజు పొద్దున్నుంచీ చిరాగ్గా ఉంటాడు. తిరిగొచ్చేటప్పుడు నా భుజంమీద తల పెట్టి నిద్రపోతాడు. ఇన్నేళ్ళూ అతను పనికి తిప్పిన వ్యాను, ఇక నడపలేడని అమ్మేశాం.

మార్చిలో మళ్ళీ చలి తిరగబెట్టింది. వీధి చివరి గ్లాడిస్ ఇంట్లోనూ అదే గుడగుడ. గ్యాసు జోలికి మేం పోము గానీ, పైపు మార్చడానికేం? సంచి తీసుకుని ఇద్దరం నడుచుకుంటూ వెళ్ళాం. గ్లాడిస్ తలుపు తీసి, నా చేతిలో రంపం చూసి నోరెళ్ళబెట్టింది.

"మీలో ప్లంబరెవరు?"

"ఆవిడ" అన్నాడు ఇద్వాల్, బూట్లు విప్పుతూ. "కానీ నోరు మాత్రం నాది."