లైల్ కోసం తెచ్చిన ఐసు

మా ఇంట్లో ఎటు చూసినా ఐసే. గరాజులో పెట్టెల నిండా ఐసు, బాత్‌టబ్బు నిండా ఐసు సంచులు. స్నానానికి నేను పక్కింటికి పోతున్నాను. వంటింటి ఫ్రీజర్లో ఉన్న నా బఠాణీలూ కోడి ముక్కలూ తీసి బయట పారేసి అక్కడా ఐసే సర్దారు. ఈ ఎడారి ఊరు స్కాట్స్‌డేల్‌లో జులై ఎండకి కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది, అలాంటి ఎండలో ఇంత ఐసు మోసుకొచ్చారు. అంతా మా ఆయన కోసం. ఆయన పోగానే తలని చల్లబరచాలట. చిక్కల్లా ఆయన ఇంకా పోకపోవడమే.

హాల్లో సోఫా గోడకి నెట్టేసి ఒక మడత తొట్టి విప్పి పెట్టారు. దాని పక్కన మంచం, మంచం మీద లైల్. భోజనాల బల్ల దగ్గర, ఈ ఐసంతా తెచ్చిన సంస్థ మనిషి కర్టిస్, అతని వెంట వచ్చిన ఇద్దరు మనుషులు, నేను వండిన ట్యూనా చేప క్యాసెరోల్ తింటూ, మా ఆయన ఊపిరి ఎప్పుడాగుతుందా అని కాచుకుని ఉన్నారు. చెడ్డవాళ్ళు కాదు పాపం. తిన్న పళ్ళేలు కడిగి పెడతారు. కానీ మంచంలోంచి ఏ చిన్న చప్పుడైనా ముగ్గురూ ఒక్కసారి తల తిప్పి చూస్తారు చూడండి, అప్పుడు మాత్రం చేతిలో గరిటె విసిరికొట్టాలనిపిస్తుంది.

మా గుంపువాళ్ళ నమ్మకం ఏమిటంటే, డాక్టరో నర్సో పోయాడని చెప్పిన మరుక్షణం ఒంటిని ఐసులో పెట్టి, రక్తం తీసేసి మందు ఎక్కించి, ద్రవ నైట్రోజన్ తొట్టెలో గడ్డకట్టిన మనిషిగా దాచిపెడితే, ఎప్పుడో ఒకనాటికి వైద్యం ఎదిగి లేపుతారని. ఆ తొట్టెలున్న చోటు, కర్టిస్ వాళ్ళ సంస్థ, మా ఇంటికి దగ్గరే. దాని కోసమే ఒహాయోలో ఇల్లు అమ్ముకుని ఈ ఎడారికొచ్చాం. మా గుంపులో సగం మంది ఇలా తొట్టెలకి దగ్గర్లో చావాలని వచ్చి స్థిరపడ్డవాళ్ళే. పోయినవాళ్ళని పోయారనరు, పేషెంట్లంటారు. మా కుక్క, దాని పేరు బిస్కట్, అదీ ఇప్పుడు తొట్టెలో పేషెంటే.

లైల్ బతుకంతా ఏసీలు బాగుచేశాడు. చల్లగా ఉంచితే ఏదీ పాడవదని ఆయన మతం. నేను చర్చికి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి, నీ దేవుడికి ఫ్రీజర్ ఉందా అని ఏడిపించేవాడు. ఆయన పోరు పడలేక నేనూ సంతకం పెట్టి, ఆ ఉక్కు గొలుసు చేతికి తగిలించుకున్నాను. ఎక్కడ పడిపోయినా ఎవరికి ఫోన్ చెయ్యాలో, పోస్టుమార్టం అంటూ ఒంటిని కొయ్యకుండా ఐసులో పెట్టమనీ దాని మీద చెక్కి ఉంటుంది. ఆయన తల ఒక్కటే దాయించుకుంటున్నాడు. మిగతాది దహనం చేసి బూడిద నాకిస్తారట. "తల వాళ్ళకీ బూడిద నాకూనా?" అంటే, "మాట్లాడే భాగం వాళ్ళకిస్తున్నానుగా, నీకు హాయి" అన్నాడు.

విమానం ఎక్కడు. కూలితే మెదడు దొరకదని. సముద్రంలోకి దిగడు. మునిగిపోతే ఆలస్యంగా దొరుకుతాడని. టొలీడోలో మా చెల్లెలు ఐలీన్ పోతే అంత్యక్రియలకి నేనొక్కదాన్నే వెళ్ళాను. చర్చిలో అందరూ మీ ఆయనేడీ అని అడిగితే, ముందు ముందు బతకడానికి జాగ్రత్తగా ఉన్నాడని చెప్పడానికి నోరు రాక, జలుబు చేసిందన్నాను. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

అంత జాగ్రత్తపడ్డ మనిషికి మతిమరుపు జబ్బొచ్చింది. గుండె ఆగినా ఫరవాలేదు, ఊపిరితిత్తులు పోయినా ఫరవాలేదు, పోకూడనిది ఆ తలకాయలో ఉన్నదొక్కటే, అదే కరిగిపోతోంది. డాక్టరు చెప్పిన రోజున ఇంటికొచ్చి ఏసీ కింద కుర్చీలో కూర్చుని ఆయన ఏడ్చాడు. మా పెళ్ళయ్యాక నేను చూసిన మొదటి ఏడుపు అదే. తర్వాత మొహం తుడుచుకుని లెక్క తేల్చాడు. బతికిన ప్రతిరోజూ కొంత పోతుంది కాబట్టి, ఉన్నది ఉండగానే వెళ్ళిపోవాలి. సూది వేసి పంపమంటే ఇక్కడి చట్టం ఒప్పుకోదు. తనంతట తాను తిండీ నీళ్ళూ మానేస్తే ఎవరూ ఆపలేరు. బుర్ర బాగున్నప్పుడే డాక్టర్ల ముందు ఆ మాట చెప్పాడు.

నేను వద్దన్నాను. అరిచాను, అలిగాను, ఒక వారం మాట్లాడ్డం మానేశాను. ఆయన మాత్రం ఒకే మాట పట్టుకున్నాడు. "వెర్నా, లేచాక నువ్వెవరో తెలియకపోతే నేను లేవడం ఎందుకే?" అన్నాడు. ఆ మాటకి నేను పడిపోయాను. మాటిచ్చాను. నీళ్ళడిగితే నీ నిర్ణయం నీకు గుర్తుచేస్తానని. గుర్తుచేశాక కూడా అడిగితే అప్పుడు చూసుకుందామని.

ఇంతమంది తెలివైనవాళ్ళం కూర్చుని ఆలోచించాం. కర్టిస్ అయితే ఐసు ఎన్నాళ్ళు ఆగుతుందో, కరెంటు పోతే ఏం చెయ్యాలో కూడా ఆలోచించాడు. మతిమరుపు జబ్బున్న మనిషి నీళ్ళు మానేశానన్న సంగతి మర్చిపోతాడని ఒక్కరికీ తట్టలేదు. ఒకసారి మర్చిపోతే గుర్తుచేద్దాం అనుకున్నాం గానీ, గుర్తుచేసిన సంగతీ మర్చిపోతాడు కదా అనుకోలేదు.

మొదటిరోజు బాగానే గడిచింది. రెండోరోజు పొద్దున్నే లేచి, "వెర్నా, కాఫీ ఏదీ?" అన్నాడు.

పక్కన కూర్చుని చెప్పాను. నీకు జబ్బు చేసిందని, మతిమరుపని, అందుకని నువ్వే తాగడం మానేశావని. ఆయన మొహం నా కళ్ళ ముందే పాలిపోయింది. నాకా? ఎప్పట్నించి? డాక్టరేమన్నాడు? అని అడిగాడు. ఏసీ కింద కుర్చీలో ఏడ్చిన మనిషే మళ్ళీ ఏడ్చాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, సరే, అలాగే కానివ్వు, మంచి పనే చేశాను అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కళ్ళు కడుక్కుని వచ్చేసరికి, "వెర్నా, ఇవాళ కాఫీ పెట్టలేదేంటి?" అన్నాడు.

మళ్ళీ చెప్పాను. మళ్ళీ పాలిపోయాడు, మళ్ళీ ఏడ్చాడు, మళ్ళీ సరేనన్నాడు. ఆ పూటంతా అదే పని. పొరుగువాళ్ళకైతే ఒక చెడ్డ కబురు ఒక్కసారే చెప్తాం. నేను కట్టుకున్నవాడికి పూటకి ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ ఆయనకి అది మొదటిసారే, నాకు మాత్రం ముందువన్నీ పోగుపడుతున్నాయి. ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఆయన మీద అరుద్దామంటే, నాకు ఈ పని అప్పగించిన లైల్ ఇంట్లో లేడు. దాహంతో ఉన్న లైల్ ఉన్నాడు.

ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూసుకునే నర్సు యొలాండా మధ్యాహ్నం వచ్చింది. పోయాడని చెప్పాల్సింది ఆమే కాబట్టి కర్టిస్ ఆమెకి కుర్చీ వేసి మరీ మర్యాద చేశాడు. ఆమె స్పాంజి తడిపి లైల్ పెదాలు తుడిచింది. ఆయన ఆ స్పాంజిని పళ్ళతో పట్టుకుని పీల్చబోయాడు. యొలాండా నన్ను గుమ్మం దగ్గరికి పిలిచింది.

"అమ్మా, మానేసినవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళు అడగరు. ఈయన అడుగుతున్నాడు. అడిగినవాడికి నేను లేదని చెప్పలేను. మీరు చెప్పగలిగితే చెప్పండి" అంది.

కర్టిస్ వినేశాడు. లైల్ ముందే చెప్పిపెట్టాడనీ, ఇలా జరిగితే వీడియో చూపించమన్నాడనీ అంటూ ఫోను తీసి లైల్ మొహం ముందు పెట్టాడు. ఫోనులో లైల్ నీలం చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని, గొంతు సవరించుకున్నాడు. "లైల్, ఇది నువ్వే. నీకు మతిమరుపు జబ్బు. ఇంకా ఆగావంటే వెర్నా ఎవరో కూడా తెలియదు నీకు. దాహం వేస్తుంది, ఓర్చుకో. నీళ్ళు అడక్కు."

మంచం మీద లైల్ చివరిదాకా శ్రద్ధగా చూశాడు.

"ఎవడీ ముసలోడు?" అన్నాడు. "గొంతు ఎండిపోయినట్టుంది. ఎవరన్నా కాసిని మంచినీళ్ళివ్వండి పాపం."

కర్టిస్ ఫోనుని ఇంకోసారి మొదటికి తిప్పబోతుంటే నేను లేచాను. గరాజులోకి వెళ్ళి పెట్టె మూత తెరిచి ఒక సంచి లాగి, కత్తెరతో మూతి కోశాను. పెద్ద గ్లాసులో ఐసు ముక్కలు పోసి, నీళ్ళు పోసి, నిమ్మచెక్క పిండాను.

కర్టిస్ నా వెనకే వచ్చాడు. "వెర్నా గారూ, అది లైల్ ఐసు."

"లైల్‌కే ఇస్తున్నాను."

"మీరు మాటిచ్చారు. ఇవాళ ఇస్తే రేపూ ఇవ్వాలి. కొన్ని నెలలు పోతే ఆ తలలో దాచడానికి ఏం మిగలదు. ఆయన లేచి మిమ్మల్ని గుర్తుపట్టకపోతే ఏం సమాధానం చెప్తారు?" అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కర్టిస్‌కి కూడా లైల్ అంటే ప్రాణమే. అతను చెప్పిన దాంట్లో తప్పులేదు, అందుకే ఇంకా మండింది నాకు.

"లేచినప్పుడు కదా" అన్నాను. "ఇప్పుడు దాహమేస్తోంది."

యొలాండా మంచం తలవైపు పైకెత్తి, ఆయన మెడ కింద చెయ్యి పెట్టి, "మెల్లగా, మెల్లగా" అంది. లైల్ మెల్లగా తాగే రకం కాదు. గడ్డం మీంచి కారుతుంటే కూడా ఆపలేదు. గ్లాసు సగం చేసి, ఒక ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని పటపట నమిలాడు. ఆ చప్పుడుకి పెళ్ళైన కొత్తలో ఎంత విసుక్కునేదాన్నో. కర్టిస్ మనుషులిద్దరూ తొట్టి మడతపెట్టడం మొదలుపెట్టారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

"అబ్బ" అన్నాడు లైల్. "ప్రాణం లేచొచ్చింది. ఇంతసేపూ ఎవరూ ఇవ్వలేదేం నాకు?"

"మా ఆయన ఇవ్వద్దన్నాడు" అన్నాను.

నా మొహంలోకి చూశాడు. పొద్దున్న వెర్నా, వెర్నా అని కాఫీ అడిగిన మనిషే, ఇప్పుడు మర్యాదగా, బస్సులో పక్క సీటు ఆవిణ్ణి చూసినట్టు చూశాడు. ఆయన ఇన్నాళ్ళూ దేనికి భయపడ్డాడో అది నా ఎదురుగా, నిమ్మనీళ్ళు తాగుతూ కూర్చుంది. తొట్టి, ఐసు, కర్టిస్, ఎవరూ దాన్ని ఆపలేకపోయారు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఎందుకని అడుగుతాడు, మళ్ళీ మొదట్నించీ చెప్పాలి. అందుకని ఏడవలేదు.

"ఎంత దుర్మార్గుడండీ" అన్నాడు. "నీళ్ళు కూడా ఇవ్వనివ్వడా? వదిలెయ్యండి వాణ్ణి." ఇంకో ముక్క నమిలాడు. పైకి, గాలి వస్తున్న వైపు చూసి, తల పంకించాడు. "ఇక్కడే ఉండిపోండి. ఏసీ బాగా పనిచేస్తోంది."

"అలాగే" అన్నాను. గ్లాసు తీసుకుని ఇంకాస్త ఐసు కోసం గరాజులోకి వెళ్ళాను.