టేపులో ఉన్న రాజేశం

నేను ఒక క్యాసెట్టును. నా మీద తొలి పాట పడిన పొద్దున ముసురు వదలలేదు. మబ్బు తాటిమట్టలను తాకేంత కిందికి దిగి ఉంది. కరెంటు లేదు. భివండి మగ్గాల నుంచి సెలవు మీద వచ్చిన పోచం, టేప్‌రికార్డర్‌లో ఉన్న అరిగిన సెల్లులతోనే నన్ను తిప్పాడు. ఎదురుగా అతని బావ, బుట్టలల్లే మేదరి రాజేశం, తాను చేసుకున్న పిల్లనగ్రోవిని పెదవికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. గురువు లేడు, చదివిన పాఠం లేదు. ఉన్నది వెదురూ, ఊపిరీ.

సెల్లులు అరిగితే నేను మెల్లగా నడుస్తాను. అలా మెల్లగా నడుస్తూ పట్టుకున్న పాట కొత్త సెల్లుల మీద పరుగెత్తుతుంది, గొంతు సన్నబడుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. వాళ్లకు తెలియదు.

సంతలో కొత్త సెల్లులు కొని తెచ్చి వేశారు. నాలోంచి పాట వడగళ్లలా రాలింది. వాకిట్లో జనం నోళ్లు తెరిచారు.

"అమ్మో, గంత జోరా! ఊపిరి ఎక్కడికెల్లి వస్తున్నది బావా?" అన్నాడు పోచం.

రాజేశం నా వైపు బెదురుగా చూశాడు. "నేనేనారా గిది?"

ఆ ఏడే ఒక పెళ్లిలో, టేపులో ఊదినట్టు ఊదమన్నారు. సగంలోనే ఆయాసపడి ఆగాడు. పోచం ఊరుకుంటాడా! "టేపుల రాజేశం వేరే ఉన్నడు లే. ఈయన ఉత్త బుట్టల రాజేశం!"

ఆ మాట రాజేశానికి ముల్లులా దిగింది. టేపులో ఉన్నవాడిని అందుకోవాలి, అంతే. నా గొంతు సన్నదని గమనించి వెదురును పొట్టిగా కోశాడు, తూట్లు దగ్గరగా కాల్చాడు. బుట్టలకు బద్దలు చీరుతూనే, పిల్లనగ్రోవి మీద ఉన్నట్టు వేళ్లు ఆడించేవాడు.

"ఉన్న ఊపిరంత గొట్టంల పోస్తవా ఏంది?" అని కసిరేది భార్య లస్మక్క.

"వాడు ఊదిండు కదనే," అనేవాడు నన్ను చూపించి.

నడుమ నాకు రెండో పాట ఇచ్చాడు, కూతురు తొట్టెలలో ఉన్నప్పుడు ఊదిన జోలపాట. ఎంతో చక్కనిది. ఎవరూ అడగలేదు. మనుషులకు జోరు కావాలి.

అతని మీసం నెరిసింది. పోచం మళ్లీ సెలవుకు వచ్చాడు, ఈసారి కొత్త సెల్లులతో. "ఏదీ, కానియ్ బావా," అన్నాడు నవ్వుతూ, రికార్డు మీట నొక్కి.

రాజేశం ఎత్తుకున్నాడు. నేను నా అసలు నడకలో తిరుగుతున్నాను; అయినా అదే వడగళ్ల వాన. ఏ మనిషీ ఊదని పాట అది, అరిగిన సెల్లులు పుట్టించిన పాట. దాన్ని ఈ మనిషి తన రొమ్ముతో పట్టేశాడు. నా చుట్లన్నీ వణికాయి.

పాతదీ కొత్తదీ ఒకదాని వెంట ఒకటి వేసి విన్నారు. ఏది ఏదో పోచం చెప్పలేకపోయాడు. మళ్లీ వెనక్కి తిప్పి విన్నాడు.

ఇవాళ నేను రాజేశం అల్లిన చిన్న బుట్టలో దూలానికి వేలాడుతున్నాను. తిప్పే యంత్రం ఏనాడో పోయింది. నాకు గుర్తుగా మిగిలింది రాజేశం ఆ పాటను అందుకున్న పూటే. లస్మక్క జొన్నరొట్టెలూ, పండుమిరప తొక్కూ పెట్టింది. బావా బామ్మర్దులు కూర్చుంటే అదిరిపోయే ఇల్లు అది. ఆ పూట మాత్రం రొట్టె తుంపే చప్పుడూ, ఇంకా కుదుటపడని రాజేశం ఊపిరీ తప్ప ఏమీ వినిపించలేదు.