పదకొండు సెకన్లు

నేను కోసేసింది పదకొండు సెకన్లు. అంతకన్నా ఎక్కువ కాదు.

ఆ పదకొండు సెకన్లలో ఏముందో నాష్‌విల్ మొత్తానికి ఇద్దరికే తెలుసు. ఒకదాన్ని నేను. రెండో మనిషి ఆ ఉదయం నా ఎదురుగా కూర్చుని, గ్రేవీ పోసిన మెత్తటి బిస్కెట్ రొట్టెలు తింటూ, బేరం ఎలా ఆడాలో నాకు నేర్పుతున్నాడు. అవి కోసేశానని మాత్రం నాకొక్కదానికే తెలుసు.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు హోయ్ట్. "మొట్టమొదట ఏం చెయ్యకూడదు?"

"అంకె మనం ముందు చెప్పకూడదు."

"తర్వాత?"

"పాట అమ్మకూడదు. అద్దెకివ్వాలి. ఏడేళ్లకి. ఎనిమిదో ఏడు అది ఇంటికి తిరిగొచ్చెయ్యాలి."

"ఆఖరిది?"

"అడగాల్సింది అడిగేశాక నోరు మూసుకోవాలి."

"ఎంతసేపు?"

"అవతలివాళ్లు నోరు తెరిచేదాకా."

"మధ్యలో భూకంపం వచ్చినా సరే," అన్నాడు హోయ్ట్, ఫోర్కు నా వైపు ఊపుతూ.

ఆ హోటల్లో వడ్డించే డొరెట్టా కాఫీ పోయడానికి వచ్చి అతని చొక్కా వైపు వింతగా చూసింది. "ఇస్త్రీ చేశావేంటి హోయ్ట్? పెళ్లికా, కోర్టుకా?"

"రెండింటికీ మధ్యలోది. కంపెనీవాళ్ల దగ్గరికి."

"మరి ఆ పిల్ల మొహమేంటి అలా పాలిపోయింది?"

"భయం. మంచిదే. భయం లేనివాళ్లే సంతకాలు పెట్టేస్తారు."

హోయ్ట్ బ్రన్సన్‌కి అరవై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లు ఇతరుల రికార్డుల్లో స్టీల్ గిటార్ వాయించాడు. కుర్రతనంలో తొమ్మిది సొంత పాటల్ని చదవని కాగితం మీద సంతకం పెట్టి పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచి కనిపించిన ప్రతి కాంట్రాక్టూ చదివాడు. ప్రతి గురువారం చర్చి హాల్లో, ఊరికి కొత్తగా వచ్చిన పాటగాళ్లకి వాటిని చదవడం నేర్పుతాడు. పైసా తీసుకోడు. నాకు నేర్పింది అక్కడే.

మా నాష్‌విల్‌లో పాటకి ఒక కట్టుబాటు ఉంది. ఒక గదిలో పుట్టిన పాట ఆ గదిలో ఉన్నవాళ్లందరిదీ, సమానంగా. ఒకరు పాటంతా రాసి, ఇంకొకరు కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నా చెరి సగమే. పాట పూర్తయ్యాక ఫోన్లో పాడి పెట్టుకుంటాం. పాడేముందు ఎవరో ఒకరు తారీఖు, గదిలో ఉన్నవాళ్ల పేర్లు గట్టిగా చెప్తారు. కాగితాలు తర్వాత. ముందు మాకు ఆ గొంతే దస్తావేజు.

మార్చి ఆరున, హోయ్ట్ వంటింట్లో, ఆ గొంతు హోయ్ట్‌దే.

ఆ రోజు నా కాఫీకి పంచదార తియ్యడానికి అతను అలమార తెరిచాడు. వెనకాల పీచ్‌పళ్ల సీసా ఒకటుంది. చనిపోయే ముందు వేసవిలో అతని భార్య లోరీన్ నిలవ పెట్టింది. మూత మీద ఆమె చేతిరాత. హోయ్ట్ దాన్ని చూస్తూ, నాతో కాదు, తనలో తనే అన్నాడు: "మూత మీద నీ రాత, సీసాలో పోయినేటి ఎండ."

నేను పెన్ను తీశాను. గంటలో రెండు చరణాలు వచ్చాయి. పల్లవికి వరస అతను స్టీల్ గిటార్ మీద వెతికాడు. తలమీద ఫ్యాన్ టకటకలాడుతుండగా ఫోన్లో పాడేశాం. తర్వాత స్టూడియోలో మళ్లీ పాడి చూశాను. పాటలో ప్రాణం లేదు. అందుకే ఫోన్లోదే స్ట్రీమింగ్‌కి పెట్టాలనుకున్నాను.

పాటలు వినే యాప్‌లో జనం ఆగరు. మొదటి రెండు మూడు సెకన్లలో పాట వినపడకపోతే బొటనవేలు జారిపోతుంది. అందుకని మొదట్లో ఉన్న మాటలు అందరూ కోస్తారు. నేనూ కోశాను. అందులో తప్పు లేదు.

తప్పు ఆ తర్వాతి పేజీలో జరిగింది. 'రచన, స్వరం ఎవరివి?' అని ఒక గడి. రెండో పేరు రాస్తే ఆ మనిషి ఈమెయిల్లో ఒప్పుకునేదాకా పాట ఆగిపోతుంది. హోయ్ట్‌కి ఈమెయిల్ లేదు. పాతకాలం మడత ఫోను తప్ప ఇంకేదీ వాడడు. ఆ వారం కొత్త పాటల జాబితాకి గడువు సాయంత్రం ఐదింటికి. అప్పుడు టైము నాలుగూ ఇరవై. హోయ్ట్ ఇల్లు మా ఇంటికి కారులో పన్నెండు నిమిషాలు.

నా పేరొక్కటే కొట్టాను. రేపు సరిచేద్దామనుకున్నాను.

ఆ రేపు రాలేదు. మూడు వారాల్లో పాట ముప్పై లక్షల సార్లు మోగింది. రేడియోలో ఒకామె, "ఒక్కదానివే రాశావా ఇంత పాట?" అని అడిగితే నవ్వాను. ఆ నవ్వుని అందరూ అవునని అర్థం చేసుకున్నారు. అవతల హోయ్ట్ కనిపించినవాళ్లందరికీ 'మా పాట' అని చెప్పుకుంటున్నాడు. యాప్‌లో ఎవరి పేరుందో అతను చూడలేడు. చూడాలని అతనికి తోచనేలేదు.

ఇప్పుడు న్యూయార్క్ రికార్డు కంపెనీ ఒకటి ఆ పాట అడుగుతోంది. నా తరఫున మాట్లాడటానికి హోయ్ట్ చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు.

"మిస్టర్ హోయ్ట్, మీతో ఒక మాట చెప్పాలి," అన్నాను.

"బేరం అయ్యాక చెప్పు. ఇప్పుడు బుర్రలో ఇంకోటి పెట్టుకోకు." డొరెట్టాకి డబ్బిచ్చి లేచాడు. "పద అమ్మాయ్. ముందే వెళ్తే మనకి ఆత్రం అనుకుంటారు, ఆలస్యంగా వెళ్తే పొగరు అనుకుంటారు. సరిగ్గా పదింటికి తలుపు కొడదాం."

నాకు చాలా తేలికగా అనిపించింది. అతనే వద్దన్నాడు కదా.

కంపెనీ మనిషి పేరు డార్సీ కల్‌హేన్. నలభై ఏళ్లుంటాయి. పొట్టి జుట్టు, ఎదురుగా రెండు ఫైళ్లు. హోయ్ట్ ఆమెని మొదట అడిగింది కాంట్రాక్టు గురించి కాదు.

"మళ్లీ విమానం ఎప్పుడు మేడమ్?"

"ఇవాళే. ఆరున్నరకి."

హోయ్ట్ బల్ల కింద మోకాలితో నా మోకాలిని తట్టాడు. ఆమెకి ఇవాళే తేలాలి.

గంటన్నర చూస్తూ కూర్చున్నాను. అతను గొంతు ఒక్కసారీ పెంచలేదు. కాంట్రాక్టు ఇంకా ఫైల్లోనే ఉంది. ఆమె పాటని పూర్తిగా కొంటామంది. అతను ఏడేళ్ల అద్దె అన్నాడు, అని నోరు మూసుకున్నాడు. ఆమె పెన్ను తిప్పింది. నీళ్లు తాగింది. పన్నెండేళ్లంది. హోయ్ట్ ఆమె వెనక గోడ మీది బొమ్మని శ్రద్ధగా చూశాడు. పదేళ్లంది. హోయ్ట్ తల కొంచెం పక్కకి వంచి, ఆ బొమ్మనే ఇంకో కోణంలో చూశాడు.

"సరే, ఏడు," అంది డార్సీ. "మీరు పాటలు మాని పేకాట ఆడాల్సింది సర్."

"ఆడాను. లోరీన్ మాన్పించింది."

ముగ్గురం నవ్వాం. అప్పుడామె అంది, "చివరిగా ఒక్కటి. ఫోన్లో రికార్డు చేసిన అసలు ఫైలు కావాలి. మొత్తం. మా సౌండు మనిషి విన్నాడు. మొదట్లో ఎవరో ఊపిరి పీల్చుకుంటుండగా కోసినట్టుందిట. ముందు ఏవో మాటలుండాలి. ఆ ఫ్యానూ, ఆ మాటలూ, అన్నీ ఉన్నవి ఉన్నట్టు విడుదల చేస్తాం. జనానికి ఇప్పుడు అదే కావాలి."

నేను నా ఫోనుని ఒళ్లోకి లాక్కున్నాను.

హోయ్ట్ మొహం మాత్రం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోయింది. "ఉన్నాయి! అది నా గొంతే. తారీఖు, వాన, మా పేర్లు. ఎప్పుడూ నేనే చెప్తా. లోరీన్ ఉంటే పడీపడీ నవ్వేది, నా గొంతు రికార్డుకెక్కిందని తెలిస్తే." ఆ సంతోషంలో లేచి నిలబడ్డాడు. "కాఫీ ఎక్కడ దొరుకుతుంది? నేను తెస్తా, మీరు కూర్చోండి."

తలుపు మూసుకుంది. డార్సీ కాంట్రాక్టులో తొమ్మిదో పేజీ తెరిచి నా వైపు తిప్పింది. 'ఈ పాటకు ఏకైక రచయిత, స్వరకర్త: మార్లిస్ టకెట్.' ఆమె వేలు ఆ పేరు మీద ఆగింది.

"మా పేర్లు అన్నాడు," అంది. అని ఊరుకుంది.

ఆ మౌనం అవతలివైపు నుంచి ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

"అతనూ గదిలో ఉన్నాడు," అన్నాను.

"నేను జడ్జిని కాదు. కానీ రచయితలు ఇద్దరైతే న్యూయార్క్‌లో పైవాళ్ల దగ్గర మళ్లీ మొదట్నుంచీ అనుమతులు తెచ్చుకోవాలి. నా దగ్గరున్న అనుమతి ఇవాళ ఐదింటిదాకానే. రేపు వాళ్ల మనసు ఎలా ఉంటుందో నాకు తెలీదు." రెండో ఫైల్లోంచి ఒక్క కాగితం తీసింది. "ఇది ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. ఆ రోజు అతను వాయించడానికి వచ్చిన మనిషి, కూలి ముట్టింది, పాట మీద హక్కు లేదు అని ఉంటుంది ఇందులో. అంతే. అతను సంతకం పెడితే భోజనం టైముకి అయిపోతుంది. నువ్వు చెప్తే పెడతాడు. నేను చూశాగా."

ఈ ఊరికి వచ్చి తొమ్మిదేళ్లు. ఇలాంటి గదిలోకి నన్ను ఎవరూ పిలవలేదు. రెండోసారి పిలుస్తారన్న నమ్మకమూ లేదు.

హోయ్ట్ మూడు కప్పులు రెండు చేతుల్లో ఇరికించుకుని, తలుపుని భుజంతో నెట్టుకుంటూ వచ్చాడు. నా కప్పులో రెండు చెంచాల పంచదార వేసి తెచ్చాడు. నేను అడగకుండానే.

"సర్, మీదొక చిన్న సంతకం కావాలి," అంది డార్సీ, కాగితం జరుపుతూ.

హోయ్ట్ జేబు తడుముకున్నాడు. "అద్దాలు నీ కారులోనే మర్చిపోయా. ఏంటమ్మాయ్ ఇది?"

మామూలు కాగితమేనని అంటే చాలు. ఆ మాట నాలుక చివరికి వచ్చేసింది.

"నువ్వు చదివావా?"

"చదివాను."

"అయితే సరే." పెన్ను తీసుకున్నాడు. "ఎక్కడ?"

పచారీ సామాన్ల చీటీ అయినా చదవకుండా సంతకం పెట్టొద్దని ముప్పై ఏళ్లుగా చెప్తున్న మనిషి, పెన్ను మొన కాగితం మీద ఆనించి, నేను వేలితో చోటు చూపిస్తానని ఎదురు చూస్తున్నాడు.

నా చెయ్యి కాగితం మీద పడింది. మొత్తం కప్పేసేలా.

"వద్దు."

ఫోను తీశాను. మార్చి ఆరు ఫైలు వెతికి, బల్ల మధ్యలో పెట్టి నొక్కాను.

ఫ్యాను టకటక. కుర్చీ కిర్రుమన్న చప్పుడు. హోయ్ట్ గొంతు: "మార్చి ఆరు, బుధవారం, వాన. మార్లిస్ టకెట్, హోయ్ట్ బ్రన్సన్. పాటకి పేరింకా పెట్టలేదు. చెరి సగం." నా నవ్వు. ఒక ఊపిరి. తర్వాత పాట.

"ఆ ముక్క నేను కోసేశాను," అన్నాను. "కొయ్యడం అందరూ చేసేదే. కానీ పేర్ల గడిలో నా పేరొక్కటే రాశాను. ఈ కాగితం మీద మీరు సంతకం పెడితే ఆ పాటతో మీకే సంబంధమూ ఉండదు."

ఇంకా చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. గడువు, ఈమెయిలు, తొమ్మిదేళ్లు, ఈ ఉదయం చెప్పబోతే వద్దన్నది అతనేనన్న మాట. అన్నీ వరసగా నోట్లో సిద్ధంగా ఉన్నాయి. మింగేశాను. నోరు మూసుకున్నాను.

పాట పల్లవి దగ్గరికి వస్తోంది. లోరీన్ సీసా మాట రాకముందే హోయ్ట్ చెయ్యి చాపి ఫోను ఆపేశాడు.

"ఆ కాంట్రాక్టులో నా పేరుండాల్సిన చోటు చదువు."

చదివాను.

"మళ్లీ."

మళ్లీ చదివాను. నా పేరు నా నోటికి అంత బరువుగా ఎప్పుడూ తగల్లేదు.

హోయ్ట్ పెన్నుకి మూత పెట్టాడు. లేచాడు. వెళ్లిపోతాడనుకున్నాను. తన కుర్చీని నా పక్కనుంచి లాక్కుని, బల్లకి మూడోవైపు వేసుకుని, మా ఇద్దరికీ సమాన దూరంలో కూర్చున్నాడు.

"మేడమ్, ఇప్పటిదాకా ఈ అమ్మాయి తరఫున మాట్లాడాను. ఇకనుంచి నా సగం తరఫున మాట్లాడతాను. ఆమె సగం ఆమె చూసుకుంటుంది. ఏడేళ్లు ఆమె బేరం. నాది ఐదు."

"సర్, నాకున్న అనుమతి ఐదింటిదాకానే..."

"మరి ఫోన్ చెయ్యండి."

ఆమె అతని వైపు చూసింది. అతను గోడ మీది బొమ్మ వైపు చూశాడు. ఆమె ఫోను తీసుకుని బయటికి వెళ్లింది.

గదిలో ఇద్దరమే మిగిలాం.

"మిస్టర్ హోయ్ట్..."

"బేరం మధ్యలో అవతలి పార్టీతో మాట్లాడను," అన్నాడు, బొమ్మ మీంచి చూపు తిప్పకుండా.

న్యూయార్క్ ఒప్పుకుంది. నాలుగూ నలభైకి సంతకాలయ్యాయి. ఇద్దరివీ, ఐదేళ్లకి. నేను అరిచి గంతులేస్తానని ఎప్పట్నుంచో ఊహించుకున్న రోజు అది. పెన్ను కింద పెట్టాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కింద కారు తలుపు తీసి అద్దాలిచ్చాను. హోయ్ట్ అవి పెట్టుకుని, ఆ ఉదయం తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"ఆ పేరు రాసేటప్పుడు ఎక్కడున్నావు?"

"ఇంట్లో."

"మీ ఇంటినుంచి మా ఇంటికి ఎంత దూరం?"

"పన్నెండు నిమిషాలు."

అతను తలాడించాడు. "కాఫీ పెట్టేవాణ్ణి," అన్నాడు.

ఎక్కమన్నాను. బస్సుందన్నాడు. గురువారం క్లాసుకి రానా అని అడిగాను. "హాలు చర్చిది. రావద్దనడానికి నేనెవర్ని?" అని నడిచి వెళ్లిపోయాడు. ఇస్త్రీ చొక్కా వీపు మీద నలిగిపోయి ఉంది.

జూన్‌లో పాటని మొత్తంగా, మొదట్నుంచీ విడుదల చేశారు. యాప్‌లో ఇప్పుడు రెండు పేర్లున్నాయి, అతనిది ముందు. చాలామంది ఆ మాటలు పూర్తయ్యేదాకా ఆగరుట, మూడో సెకనుకే ముందుకి జరిపేస్తారుట.

నేను ఆగుతాను. ఆ పదకొండు సెకన్లూ విని, పాట మొదలయ్యే ఊపిరి దగ్గర ఆపేస్తాను.